నలభై ఒకటి తర్వాత

దుల్మా టీచర్ మోటార్‌సైకిల్ మీద వచ్చింది.
మా కుక్క అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.
సంచీలో పుస్తకాలుంటాయని నేననుకున్నాను,
బొమ్మలుంటాయని యాన్జిన్ అనుకుంది.
దులిపితే రాలినవి
ఒక పెన్సిలు ముక్క, పంక్చరు అతుకులు,
దారిలో చప్పరించడానికి ఎండు పెరుగు గడ్డలు.

"మీ ఇంట్లో ఉన్నవాటితోనే" అంది.

మా ఇంట్లో ఏముంటాయి టీచర్!
ఉన్ని కంబళ్ళ గుండ్రటి గోడ,
మధ్యలో పొయ్యి, పక్కన పిడకల బుట్ట,
ఒక జీను, తిప్పితే గురగురలాడే రేడియో.
మూడో తరగతిలో మా నాన్న నన్ను బడి మాన్పించి
గుర్రమెక్కించాడు.
నా సంతకం ఇప్పటికీ
మంచుమీద కాలు జారిన మేకలా ఉంటుంది.
ఈ పిల్లకి నేనేం నేర్పుతాను?
నాలుగేళ్ళది. ఊరికే ఆడుకుంటుంది.

"ఊరికే" దగ్గర ఆమె ఉప్పు టీ గిన్నె కింద పెట్టింది.
ఏమీ అనలేదు.
మంచం కిందినుంచి తోలుసంచీ లాగి
కంబళి మీద కుమ్మరించింది.
షగాయ్. గొర్రెల చీలమండ ఎముకలు.

చూపు తిప్పుకున్నాను.
పోయిన చలికాలానివి అవి.
గడ్డిమీద మంచు పడి, కాస్త కరిగి,
ఒక్క రాత్రిలో గాజులా బిగిసింది.
డెక్కలు నెత్తురోడేలా తవ్వి తవ్వి
నిలబడ్డవి నిలబడ్డట్టే పోయాయి.
వసంతంలో లారీకెత్తుతూ లెక్కపెట్టాను,
నలభై ఒకటి దాకా.
తర్వాత నాకు అంకెలు రాలేదు.
ఖిష్గే మాత్రం, నాతో చెప్పకుండా,
కొన్నిటి ఎముకలు తీసి
ఉడికించి, గీకి, ఎండబెట్టి దాచింది.

టీచర్ పిల్లనేమీ అడగలేదు. నన్నడిగింది:
"ఇదెలా పడిందో చెప్పండి, నాకు తెలీదు."
తెలియకపోవడమేమిటి, ఈ గడ్డిమీద పుట్టిన మనిషికి!
అయినా నా నోరు ఊరుకోలేదు.
వీపు ఉబ్బి బోర్లా పడితే గొర్రె.
పొట్ట గుంటపడి వెల్లకిలా ఉంటే మేక.
సన్నటి పక్క మీద నిలబడితే గుర్రం.
రెండో పక్క మీద నిలబడితే...
"ఒంటె!" యాన్జిన్.
"ఒంటె కాదు, అది గుర్రమే" అంది ఖిష్గే,
పాలు తిరగేస్తూ, అంత దూరంనుంచే.
ముగ్గురం మోకాళ్ళమీద వంగి చూశాం.
ఒంటే.
ఖిష్గే నాలుక కరుచుకుంది.
మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు.

చిన్నవి పిల్లలట, పెద్దవి తల్లులట.
పిల్ల దొరకని తల్లి ఒకటి మిగిలితే
యాన్జిన్ గుడారమంతా వెతికింది,
నా బూటులో కూడా.
"ఈ మందలో ఎక్కువున్నాయా, ఆ మందలోనా?"
ఈ ప్రశ్న అడిగింది నేను. నేనే.
టీచర్ పెన్సిలుతో చెవి గోక్కుంటూ
పొంగబోతున్న పాలు చూసుకుంటోంది.

ఆరు, ఏడు, తొమ్మిది, పదకొండు...
ఎనిమిదినీ పదినీ తోడేలు ఎత్తుకుపోయింది.
"తర్వాత, నాన్నా?"
పన్నెండు.
"తర్వాత?"
ఒక్కొక్కటే నా చేతిలో పెడుతోంది.
అరచేయి నిండితే టోపీ పట్టాను.
ముప్పై. ముప్పై తొమ్మిది.
పొయ్యిలో పిడక చిటపటమంది.
నలభై.
నలభై ఒకటి.

"తర్వాత?"

ఖిష్గే నా వైపు చూడలేదు.
చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో
ఆమె మెడ చెప్పింది.

నలభై రెండు, అన్నాను.
నలభై మూడు.
యాన్జిన్ వినడం మానేసింది అప్పటికే,
నా టోపీలో ఒంటెను పడుకోబెట్టి
ఉష్, అరవకు, అంటోంది నాతో.

మోటార్‌సైకిల్ స్టార్టు కాలేదు.
వాగు దాకా తోశాను.
మళ్ళీ వచ్చే నెల, అంది.
అప్పటిదాకా మేమేం చెయ్యాలి అని అడగబోయాను.
వెనకనుంచి కేక:
గుర్రాలన్నీ తప్పిపోయాయట,
నాన్న వెంటనే రావాలట.